అమ్మ నంబరు నుంచి

ఆగస్టు 3, సోమవారం

దుర్గ రెండో క్లాసు సైన్సు నోటుబుక్కులో వెనక సగం పేజీలు ఖాళీగా ఉన్నాయి. నోట్సు సరిగ్గా రాయని పిల్ల వల్ల నాకు కలిగిన లాభం ఇది. రాజమండ్రి కోచింగ్ సెంటర్లో రిసెప్షన్ బల్ల వెనక కూర్చున్నప్పుడు కూడా ఇలాగే ఏదో ఒకటి రాసుకునేదాన్ని. ఇప్పుడా సెంటరూ లేదు, ఆ బల్లా లేదు. కానీ ఎవరితోనూ అనకూడని మాట ఒకటి కడుపులో ఉన్నప్పుడు దాన్ని ఎక్కడో అక్కడ పెట్టాలి. లేకపోతే ఏ పప్పు తాలింపు వేస్తూనో నోరు జారేస్తాను.

ఆ మాట ఇది. అక్క పోయింది. జూలై పదిహేడున, కరోనాతో, రాజమండ్రి హాస్పిటల్లో. దుర్గకి తెలియదు.

బావగారూ, వాళ్ళమ్మ అత్తయ్యగారూ, అక్క వచ్చేదాకా పిల్లని చూసుకోవడానికి ఇక్కడికి వచ్చిన నేనూ కలిసి అనుకున్నదే. పిల్లకి ఎనిమిదేళ్ళు. అక్కని ఇంటికి తీసుకురానివ్వలేదు, మొహమైనా చూపించలేదు. ఏమని చెబుతాం. అమ్మకి ఇంకా తగ్గలేదు, హాస్పిటల్లోనే ఉంది అన్నాం. అక్క ఫొటోని దండతో సహా ధాన్యం గదిలో గోడవైపు తిప్పి పెట్టారు అత్తయ్యగారు. కరోనా వచ్చిన ఇల్లని పాలబ్బాయి కూడా గేటుకి ప్యాకెట్లు తగిలించి వెళ్ళిపోతున్నాడు. అందుకని చెప్పేవాళ్ళు కూడా ఎవరూ లేరు.

కాస్త కుదుటపడ్డాక మెల్లగా నువ్వే చెప్పమ్మా అన్నారు బావగారు. నేనే చెప్పాలి. సరేనన్నాను.

ఎల్లుండి నుంచి ఆన్‌లైన్ క్లాసులట.

ఆగస్టు 5, బుధవారం

మొదటి రోజు క్లాసు ఒక పెళ్ళి భోజనాల పందిరిలా జరిగింది. ఒకళ్ళింట్లో కుక్కరు కూస్తోంది. ఒకళ్ళింట్లో మేక. ఫిన్నీ అనే పిల్లాడు కెమెరా ఆన్‌లో ఉందని తెలియక ఇడ్లీ మొత్తం నోట్లో కుక్కుకున్నాడు. కొత్త టీచరు ఆశాజ్యోతి మేడమ్ "మ్యూట్ చేసుకోండమ్మా" అని గంటసేపు బతిమాలింది. ఎవరికీ మ్యూట్ చేసుకోవడం రాలేదు.

స్కూల్లో రాసి ఉన్నది అక్క నంబరు. లింకు తల్లి నంబరుకే వస్తుంది. సాయంత్రం హోంవర్కు ఫొటో తల్లి నంబరు నుంచే గ్రూపులో పెట్టాలి. నోటుబుక్కులో రోజూ తల్లి సంతకం ఉండాలి. ఇదీ వాళ్ళ పద్ధతి. నంబరు మార్పించండి బావగారూ అంటే, "ఎందుకో చెప్పాలి కదా రమ్యా" అని మిల్లుకి వెళ్ళిపోయారు. ఆయన ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆ మాట నోటితో అనలేదు.

అందుకని హాస్పిటల్ వాళ్ళు ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చిన అక్క ఫోన్ని బీరువాలో ఆవిడ చీరల కిందే ఉంచాను. ఛార్జింగ్ పెట్టి, లింకు నా ఫోనుకి పంపుకున్నాను. క్లాసు నా ఫోనులో. మెసేజ్ పైన అక్క పేరు, గులాబీ చీరలో అక్క బొమ్మ.

దుర్గ చూసింది. "అమ్మ పంపిందా?"

ఊఁ అన్నాను. ఊఁ అనడం అబద్ధం కిందికి రాదు.

ఆగస్టు 7, శుక్రవారం

లెక్కల నోటుబుక్కులో అక్క సంతకం పెట్టాను. దుర్గ తొంగి చూసి, "అలా కాదు పిన్నీ, అమ్మ చివర్లో పెద్ద గీత గీస్తుంది" అంది. రెండోసారి సరిగ్గా వచ్చింది. పాత కాగితం మీద ఇరవైసార్లు రాసి చూసుకున్నాను. చివరికి ఏది అక్కదో ఏది నాదో నాకే తెలియలేదు.

ఈ వారంలో చెప్పేస్తాను.

ఆగస్టు 18, మంగళవారం

గోదావరికి వరద. టీవీలో అదే. కాలవ కూడా నిండుగా పోతోంది.

ఇంటర్వెల్లో దుర్గ నా ఫోనులోంచి అక్క నంబరుకి మెసేజ్ పెట్టింది. "అమ్మా భోంచేశావా." పెరట్లోకి వెళ్ళి, అక్క ఫోను చీర కొంగులో దాచుకుని, "తిన్నాను బుజ్జులూ, నువ్వు తిన్నావా" అని పంపాను. బుజ్జులు అని అక్క తప్ప ఎవరూ పిలవరు. లోపల్నించి దుర్గ నవ్వు వినపడింది. నెల రోజుల తర్వాత విన్న నవ్వు.

ఒక్కసారికి ఏమవుతుంది.

ఆగస్టు 24, సోమవారం

రోజూ ఒకటి.

సెప్టెంబరు 2, బుధవారం

నా మీద అక్కకి ఫిర్యాదులు వెళుతున్నాయి. "పిన్ని ఏడో ఎక్కం రాలేదని జెల్ల కొట్టింది." "పిన్ని సాంబారులో ఉప్పెక్కువ వేసింది." అక్కనై నేను నన్ను తిడుతున్నాను. "పిన్నికి చిన్నప్పట్నించీ తొందరెక్కువ. నేను వచ్చాక దాని పని చెబుతాను." ఇది రాసి నాకే నవ్వొచ్చింది. అక్క అచ్చం ఇలాగే అనేది. మా అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. జడలు వేసిందీ, ఎక్కాలు నేర్పిందీ, తిట్టిందీ అన్నీ అక్కే. ఇప్పుడు మళ్ళీ ఆవిడ చేత తిట్టించుకుంటుంటే హాయిగా ఉంది. ఈ సంగతి రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది. హాయిగానే ఉంది.

దుర్గ చదువు దారిలో పడింది. పొద్దున్నే తనే లేచి, యూనిఫాం వేసుకుని, తొమ్మిదికల్లా ముందు గదిలో కుర్చీలో కూర్చుంటోంది. ఇప్పుడు చెబితే ఇదంతా పాడవుతుంది. దసరా సెలవుల్లో చెబుతాను.

సెప్టెంబరు 11, శుక్రవారం

వంకాయలు తరుగుతూ అత్తయ్యగారు అన్నారు. "పిల్ల నీకు బాగా అలవాటైందమ్మాయ్. సంవత్సరీకం అయిపోనీ. ఆ తర్వాత మా అబ్బాయి సంగతి, నీ సంగతి ఆలోచిద్దాం. పైదాన్ని తెచ్చి ఇంట్లో పెట్టలేం కదా."

వంకాయ ముక్కలు ఉప్పు నీళ్ళలో వేసి వచ్చేశాను. నా వయసు ఇరవయ్యారు. నన్నెవరూ అడగలేదు, చెప్పారంతే. కోపం వచ్చింది. ఆ కోపం చెప్పుకోవడానికి అక్క ఒక్కతే ఉండేది నాకు.

సెప్టెంబరు 19, శనివారం

వీడియోలో పేరెంట్స్ మీటింగ్. తల్లి తప్పనిసరిగా ఉండాలన్నారు. మాస్కు పెట్టుకుని, అక్క గులాబీ చీర కట్టుకుని కూర్చున్నాను. వేరే మంచి చీర ఇస్త్రీ చేసి లేదు, అందుకే.

"నమస్తే సూర్యకళగారూ, ఒంట్లో ఎలా ఉందండి ఇప్పుడు?" అంది ఆశాజ్యోతి మేడమ్. మాస్కు సర్దుకుని తలూపాను. మేడమ్ అనుమానంగా స్క్రీను దగ్గరికి వంగి, "దుర్గా, మీ అమ్మగారేనా?" అని అడిగింది.

దుర్గ నా వైపు చూడలేదు. నేరుగా స్క్రీన్లోకి చూస్తూ, "అవునండి మేడమ్, మా అమ్మే" అంది.

తొణకలేదు, బెణకలేదు. అడ్రసు అడిగితే చెప్పినట్టు చెప్పింది. తోటి పిల్లల ముందు పరువు పోతుందని అలా అనుంటుంది పాపం. పిల్లలకి అదొకటి ఉంటుంది.

ఆ తర్వాత చీర మార్చుకుందామంటే, "ఉండనీ పిన్నీ" అంది. సాయంత్రం దాకా ఆ చీరలోనే ఉన్నాను. అత్తయ్యగారు గుమ్మంలో నన్ను చూసి చేతిలో చేట కింద పెట్టేశారు.

సెప్టెంబరు 28, సోమవారం

మధ్యాహ్నం నా ఫోనులో చూశాను.

దుర్గ: "అమ్మా ఎప్పుడొస్తావు."

అక్క, పదీ నలభై రెండుకి: "ఇంకా చాలా రోజులు పడుతుంది. పిన్ని దగ్గరే ఉండు."

ఇది నేను పంపలేదు. పదీ నలభైకి నేను పెరట్లో బట్టలు ఉతుకుతున్నాను. చేతులకి సబ్బు.

బీరువా తాళం వేసే ఉంది. ఫోను చీరల కిందే ఉంది.

పంపి మర్చిపోయి ఉంటాను. ఈ మధ్య మతిమరుపు ఎక్కువైంది, మొన్న కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

అక్టోబరు 1, గురువారం

పదీ నలభైకి మళ్ళీ వచ్చింది. "పిన్నిని నూతి దగ్గర ఏడవొద్దని చెప్పు."

నూతి దగ్గర నేను ఏడవడం ఎవరూ చూడలేదు. కొబ్బరిచెట్ల చాటు అది. బావగారు మిల్లులో ఉంటారు. అత్తయ్యగారికి మోకాళ్ళ నొప్పి, మెట్లు దిగరు. దుర్గ క్లాసులో ఉంటుంది.

దుర్గ ఆ మెసేజ్ నాకు చదివి వినిపించింది. "అమ్మ చెప్పమంది" అంది.

సరేనన్నాను. ఇంకేమనాలి.

అక్టోబరు 6, మంగళవారం

ఇంటర్వెల్లో దుర్గ బాత్రూముకి వెళ్ళింది. నా ఫోను ముందు గదిలో స్టీలు డబ్బాకి ఆనించి ఉంది. చేతిలోకి తీసుకుని అక్క పేరు తెరిచాను. పేరు కింద ‘ఆన్‌లైన్’ అని ఉంది. చూస్తుండగానే ‘టైపింగ్’ అని వచ్చింది. ఆగింది. మళ్ళీ వచ్చింది. పట్టపగలు, బయట ఎండ మండిపోతోంది.

పక్క గదే. పది అడుగులు. వెళ్ళి బీరువా చూడలేదు. చూస్తే అక్కడ ఎవరూ ఉండరు. ఉండరని తెలుసు కాబట్టే వెళ్ళలేదు. వంటింట్లోకి వెళ్ళి అన్నం వార్చాను.

అక్టోబరు 8, గురువారం

ఇవాళ నేనే పెట్టాను. "అక్కా, నువ్వేనా?"

అక్టోబరు 9, శుక్రవారం

పదీ నలభై ఒకటి. "నేనే."

రాజమండ్రిలో ఉన్నప్పుడు ఇలాంటి కబుర్లు చెప్పేవాళ్ళని చూసి నవ్వేదాన్ని. చదువుకున్న దానివి, కంప్యూటర్ కోర్సు చేసిన దానివి అని నన్ను నేను తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఇంకో మెసేజ్ పెట్టాను. "అక్కా, నన్ను ఈ ఇంట్లో ఉండిపొమ్మని అత్తయ్యగారు అడుగుతున్నారు. నీకు కోపం రాదా?"

దుర్గ ఫోను చూస్తుందని తెలుసు. పిల్లకి ఏం అర్థమవుతుందిలే.

అక్టోబరు 10, శనివారం

"కోపం లేదు. ఉండిపో. వెళ్ళకు."

అక్టోబరు 14, బుధవారం

వాయుగుండం. నాలుగు రోజులుగా వాన, క్లాసులు లేవు. కోతకొచ్చిన చేలు పడిపోయాయని బావగారు దిగులుగా ఉన్నారు. లింకులు లేవు కాబట్టి నాలుగు రోజులు బీరువా తీయలేదు. తీయడానికి భయం వేసింది అనడమే నిజం.

ఇవాళ తీశాను. ఫోను చచ్చిపోయి ఉండాలి. తొంభై రెండు శాతం ఛార్జింగ్ ఉంది. పైన ఎప్పుడూ ఉండే నీలం చీర బదులు గులాబీ చీర ఉంది. ఆ మడత అక్క మడత. కొంగు లోపలికి పెట్టి మడుస్తుంది, నాకది ఎప్పుడూ చేతకాదు.

బీరువా ముందు కింద కూర్చుండిపోయాను. భయం కంటే ముందు ఏడుపొచ్చింది. అక్క ఇంట్లోనే ఉంది. నన్ను ఉండమంటోంది. మంచిదే. ఇంక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. దుర్గకి అమ్మ ఉంది, నాకు అక్క ఉంది. రేపు అత్తయ్యగారితో సరేనని చెప్పేస్తాను.

అక్టోబరు 15, గురువారం

చెబుదామని వెళ్ళాను. అత్తయ్యగారు పూజలో ఉన్నారు. సోమవారం మంచిది, ఆ రోజు చెబుతాను.

అక్టోబరు 19, సోమవారం

వరసగా రాస్తాను.

క్లాసులు మళ్ళీ మొదలయ్యాయి. పదకొండు కావస్తోంది. ముందు గదిలోంచి మేడమ్ గొంతు, "దుర్గాశ్రీ, ఇంటర్వెల్ అయిపోయిందమ్మా. దుర్గాశ్రీ?" మూడుసార్లు పిలిచింది. వెళ్ళి చూస్తే కుర్చీ ఖాళీ. స్క్రీన్లో పిల్లలందరూ ఆ ఖాళీ కుర్చీని చూస్తున్నారు.

పక్క గదిలో బీరువా తలుపు తీసి ఉంది. దుర్గ కింద కూర్చుని ఉంది. ఒళ్ళో అక్క ఫోను, ఒక్క వేలితో టైపు చేస్తోంది. నన్ను చూసి ఉలిక్కిపడలేదు. చెయ్యి ఎత్తి, ఉండు అన్నట్టు సైగ చేసి, టైపు చేయడం పూర్తిచేసింది.

"ఏం చేస్తున్నావే?"

"అమ్మ మెసేజ్ పెడుతున్నాను."

"తాళం చెవి..."

"బియ్యం డబ్బా కింద పెడతావు కదా. ఛార్జింగ్ కూడా నేనే పెడుతున్నాను, నువ్వు మర్చిపోతున్నావని. చీర కూడా అమ్మలాగే మడతపెట్టాను." కిటికీ వైపు చెయ్యి చూపించింది. "ఇక్కణ్ణించి నుయ్యి కనపడుతుంది పిన్నీ."

నేను పక్కన కూర్చున్నాను.

"అమ్మ హాస్పిటల్లో ఉంది కదే" అన్నాను. ఇంత జరిగాక కూడా అదే అన్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది.

దుర్గ నన్ను పెద్దవాళ్ళు చిన్నపిల్లల్ని చూసినట్టు చూసింది. "నాన్న మీసం తీసేసి వచ్చారు కదా. మామ్మ బయటే నీళ్ళు పోసి, అప్పుడు లోపలికి రానిచ్చింది. తాతయ్య పోయినప్పుడు కూడా అంతే చేశారు."

ఇంట్లో పెద్దవాళ్ళం ముగ్గురం. ముగ్గురం కలిసి ఫొటో తిప్పాం, దండ దాచాం, ఫోను దాచాం, ఏడుపు దాచాం. ఎదురుగా కనిపించే బావగారి మొహాన్ని దాచాలని ఒక్కరికీ తట్టలేదు. మాకది ఆచారం. పిల్లకి అదే కబురు.

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"మీరు నాకు చెప్పకూడదని అనుకున్నారు కదా. అందుకని." ఫోను చీరల కింద పెడుతూ అంది. "మొదట్లో నువ్వే పెట్టేదానివి, అవి బాగుండేవి. అమ్మలాగే రాసేదానివి. తర్వాత నువ్వు ఏడుస్తున్నావని నేను రాశాను. నువ్వు అమ్మ వచ్చేదాకా ఉంటానన్నావు. అమ్మ రాదని అందరూ అనేస్తే నువ్వు రాజమండ్రి వెళ్ళిపోతావు. అందుకే ఇంకా చాలా రోజులు పడుతుందని పెట్టాను. తర్వాత నువ్వే అమ్మని అడిగావు, ఉండిపోనా అని. ఉండిపో అన్నాను."

నేను అక్క మాట అనుకుని గుండెకి హత్తుకున్నవన్నీ ఇవి. అక్క పిలుపని నమ్మి నా జీవితం రాసిచ్చేయబోయిన ఆ మూడు ముక్కలూ ఎనిమిదేళ్ళ పిల్ల ఇంటర్వెల్లో ఒక్క వేలితో కొట్టింది. మూడు నెలలుగా దానికి అమ్మ పోయిందని చెప్పలేక నేను చస్తుంటే, అది తల్లి కోసం ఏడవడం మానేసి నన్ను సముదాయిస్తోంది. దాని ఏడుపు మేము తినేశాం.

"దుర్గా, అమ్మ చచ్చిపోయింది" అన్నాను. తెలిసిన దానికే చెప్పాను. నా నోటితో అనాలి కాబట్టి అన్నాను. "అమ్మ రాదు. నేను అమ్మని కాను, పిన్నినే. పిన్నిలాగే ఉంటాను, అందుకోసం నువ్వు అబద్ధం రాయక్కర్లేదు."

అప్పుడు ఏడ్చింది. ఏడుపు రావడం మర్చిపోయిన పిల్లలా మొదట్లో ఊరికే నోరు తెరిచింది, శబ్దం తర్వాత వచ్చింది. అత్తయ్యగారు మోకాళ్ళ నొప్పితోనే పరిగెత్తుకొచ్చారు. గుమ్మంలో నిలబడి, మా ఇద్దర్నీ, తెరిచి ఉన్న బీరువానీ చూశారు. ధాన్యం గదిలోకి వెళ్ళి ఫొటో తెచ్చి హాల్లో పెట్టారు.

నా ఫోనులో మైకు ఆన్‌లోనే ఉంది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు.

వెళ్ళేసరికి క్లాసంతా నిశ్శబ్దం. ఇన్ని రోజులూ మ్యూట్ చేసుకోవడం రాని పిల్లలు ముప్పై మందీ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆశాజ్యోతి మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. దుర్గ ముక్కు తుడుచుకుని కుర్చీలో కూర్చుని, "మేడమ్, మా అమ్మ చనిపోయిందండి. జూలైలో" అంది. "ఈవిడ మా పిన్ని."

మేడమ్ "నాన్నా..." అని ఆగిపోయింది.

అప్పుడు ఫిన్నీ, ఎవరూ అడక్కుండానే, చెయ్యెత్తాడు. "మేడమ్, మా డాడీ కూడా హాస్పిటల్లోనే ఉన్నారండి. బాగానే ఉన్నారు. రోజూ మెసేజ్ పెడతారు."

వాడి వెనక స్టవ్వు దగ్గర ఒకావిడ గరిటె పట్టుకుని నిలబడి ఉంది. కదల్లేదు. తర్వాత ఆవిడ చెయ్యి కెమెరా మీదికి వచ్చింది. వాడున్న చోట నల్లటి గడి మిగిలింది.

సాయంత్రం నాలుగింటికి అక్క ఫోను మోగింది. క్లాసు గ్రూపులో నంబరు చూసి చేశారట.

"ఫిన్నీ వాళ్ళ మమ్మీనండి," అన్నారు. "మీ పాపకి ఎలా చెప్పారండి?"

"మేం చెప్పలేదండి. పాపకి మొదట్నించీ తెలుసండి."

అంతలో ఆవిడ వెనక నుంచి పిల్లాడి గొంతు, హుషారుగా. "మమ్మీ, డాడీ మెసేజ్ పెట్టారు."

"ఇవాళ నేనేం పెట్టలేదండి," అన్నారావిడ నెమ్మదిగా.

వెళ్ళి బాబు పక్కన కూర్చోండి అన్నాను. ఫోను పెట్టేశాక, ఎవరు పిన్నీ అని దుర్గ అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.